పాత బండి దారిలో ఆగిపోతోందా? కార్బురేటర్ మార్చే ముందు ఇవి చూడండి

ఇవాళ కోడింగ్ లేదు, బండి గురించి మాట్లాడుకుందాం.

మాది గోల్నాక. మా డాడీ 2005లో కొన్న స్ప్లెండర్ ఇప్పటికీ ఇంట్లో ఉంది. మొన్న పొద్దున మా చెల్లిని పరీక్షకి తార్నాకలో దింపాలి. ముందురోజు రాత్రే ట్యాంక్ నిండా పెట్రోల్ కొట్టించా. శివం రోడ్డు దాటి, ఓయూ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా బండి మంచిగనే వచ్చింది. అక్కడ రెండుసార్లు గుంజుకుని ఆగిపోయింది. కిక్కు మీద కిక్కు కొట్టినా స్టార్ట్ కాలే. చెల్లి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ! ఐదు నిమిషాలాగి ఊరికే ఓ కిక్కు కొడితే, టక్కున స్టార్ట్ అయింది.

రెండు చోట్ల చూపించా. ఒకాయన ప్లగ్ మార్చాడు. ఇంకొకాయన కార్బురేటర్ మొత్తం మార్చాలన్నాడు. "అమ్మేద్దాం డాడీ" అన్నా. ఆయన ఏం మాట్లాడకుండా సీటు తుడుస్తూ కూర్చున్నారు. ఇగ నేనే పట్టుకున్నా.

సాఫ్ట్‌వేర్‌లో మాకో అలవాటుంది. తప్పు ఎక్కడుందో తెలిసేదాకా ఏదీ మార్చం, మార్చినా ఒకసారికి ఒక్కటే. బండికీ అంతే. పెట్రోల్ వచ్చే దారి పట్టుకుని పైనుంచి కిందికి రండి: మూత, ట్యాంక్, ట్యాప్, పైపు, కార్బురేటర్.

ముందు జాగ్రత్త. ఇంజిన్ చల్లారాలి, గాలి ఆడే చోటుండాలి, దగ్గర్లో సిగరెట్, అగ్గి వద్దు. తీసిన పెట్రోల్‌ని నీళ్ల బాటిల్‌లో పోసి ఇంట్లో పెట్టకండి.

ఒకటి. ట్యాప్ ఆఫ్ చేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి డబ్బాలో పెట్టి, ట్యాప్ ఆన్ చేయండి. మొదటి నుంచే ధార సన్నగా ఉంటే ట్యాప్ జాలీలోనో, ఫిల్టర్‌లోనో, పైపులోనో చెత్త ఉన్నట్టు.

రెండు. మూత బిగించే ఉంచి అర లీటరు దాకా పోనివ్వండి. నాకు ధార మొదట బాగా వచ్చి, మెల్లగా సన్నబడి, చుక్కలైంది. మూత తీశానో లేదో 'సుయ్'మని గాలి లోపలికి పోయింది, ధార మళ్లీ అందుకుంది. దొంగ దొరికాడు!

ఎందుకలా? పెట్రోల్ కిందికి దిగిన కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. దానికి మూతలో సన్నటి దారి ఉంటుంది. మా బండికి అందులో దుమ్ము, పాలిష్ కలిసి గట్టిపడ్డాయి. గాలి రాకపోతే లోపల వ్యాక్యూమ్ తయారై పెట్రోల్‌ని పట్టుకుంటుంది. ట్యాంక్ నిండా ఉన్నప్పుడు పైన గాలి తక్కువ కాబట్టి ఇంకా తొందరగా ఆగుతుంది. కాసేపు ఆగితే సందుల్లోంచి గాలి దూరి మళ్లీ స్టార్ట్ అవుతుంది. మూత కడిగి, గాలి కొట్టా. ఖర్చు సున్నా.

మూడు. మీ బండికి ధార బాగుంటే అప్పుడు కార్బురేటర్ చూడండి. కింద డ్రెయిన్ స్క్రూ వదిలి నీళ్లు, తుప్పు వస్తున్నాయేమో చూడండి. ఐడిలింగ్‌లో ఆగిపోతుంటే పైలట్ జెట్ మీద, ఫుల్ రేజ్‌లో గుంజుతుంటే మెయిన్ జెట్ మీద అనుమానం పెట్టుకోండి. జెట్లలో వైరు పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. క్లీనర్ స్ప్రే, గాలి చాలు.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20లో 20 శాతం దాకా ఇథనాల్. అది తేమ పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండిలో నీళ్లు అడుగున చేరొచ్చు. పాత రబ్బరు పైపులు, సీళ్లకీ అది పడకపోవచ్చు. పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చండి, పెట్రోల్ లీక్ అంటే ఆట కాదు.

బండి అమ్మలేదు. రెండో పేపర్‌కి చెల్లి వెనక కూర్చుంది, కానీ దిగేదాకా ఫోన్‌లో ఆటో యాప్ తెరిచే పెట్టుకుంది. ఆ నమ్మకం రిపేర్ కావడానికి ఇంకొంచెం టైమ్ పడుతుంది.

మీ పాత బండి ఎక్కడ ఆగింది, ఏం చేస్తే కదిలింది? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, హెల్మెట్ మరవకండి. బై!