ఓడిన రాత్రి ఎవరు మాట్లాడాలి?



ఈ రోజు పట్టభద్రులవుతున్న మీలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. 2022 మే నెల గుర్తు తెచ్చుకోండి. మన దగ్గర ఇంటర్ పరీక్షలు జరుగుతున్నాయి. మే 16 సోమవారం దాటి, మన గడియారంలో అర్ధరాత్రి పన్నెండున్నరకు న్యూకాజిల్‌లో ఆ ఊరి జట్టుకూ లండన్ జట్టు ఆర్సెనల్‌కూ మ్యాచ్ మొదలైంది. పుస్తకం ముందు పెట్టుకుని ఫోన్‌లో ఆ మ్యాచ్ చూసినవాళ్లు ఈ హాల్లో కొందరైనా ఉన్నారని నా నమ్మకం.

ఆర్సెనల్‌కు ఆ సీజన్‌లో మిగిలినవి రెండే మ్యాచ్‌లు. నాలుగో స్థానం కోసం టోటెన్‌హామ్‌తో పోటీ. రెండూ గెలిస్తే ఐదు సీజన్ల తర్వాత మళ్లీ యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో అడుగు పెడుతుంది. న్యూకాజిల్‌కు ఆ మ్యాచ్‌తో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అయినా ప్రాణం పెట్టి ఆడింది న్యూకాజిల్. ఆర్సెనల్ కాళ్లు తడబడ్డాయి. 55వ నిమిషంలో బెన్ వైట్‌కు తగిలిన బంతి సొంత గోల్‌లోకే పోయింది. 85వ నిమిషంలో బ్రూనో గిమరైస్ రెండో గోల్ కొట్టాడు. 2-0తో ఆట ముగిసింది. ఏడాదంతా పడ్డ కష్టం ఆ ఒక్క రాత్రితో దాదాపు చేజారింది.

ఆట అయ్యాక టీవీ మైకు ముందుకు ఆర్సెనల్ ఆటగాడు గ్రానిట్ జాకా వచ్చాడు. వయసు 29. ఆ ఏడు ప్రీమియర్ లీగ్ మొత్తంలో సగటు వయసు అతి తక్కువ ఉన్న జట్టు ఆర్సెనల్. వాళ్లలో అతను పెద్దవాడి కిందే లెక్క. అతను అన్నదాని సారాంశం ఇది. ఈ ఆటకు సిద్ధంగా లేనివాడు ఇంట్లోనే ఉండాలి. వయసు ఎంతన్నది ప్రశ్న కాదు. భయంగా ఉంటే బెంచీ మీదో, ఇంట్లోనో ఉండాలి. కోచ్ చెప్పింది వినకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు ఆడితే ఇలాగే అవుతుంది. ఇలా ఆడితే మనకు ఛాంపియన్స్ లీగ్ ఆడే అర్హత లేదు. లండన్ నుంచి ఇంత దూరం వచ్చిన అభిమానులను చూస్తే బాధగా ఉంది.

ఓడిన ఆటగాడు మైకు ముందు ఏం చెబుతాడో ఏళ్ల తరబడి క్రీడా పేజీలకు రాసిన నాకు కంఠతా వచ్చు. బాగానే ఆడాం, అదృష్టం కలిసిరాలేదు, తర్వాతి మ్యాచ్ మీద దృష్టి పెడతాం. ఈ మూడు ముక్కలతో ఏ దేశంలోనైనా, ఏ ఆటలోనైనా బయటపడవచ్చు. జాకా ఆ దారిన పోలేదు. మర్నాడు అతని మీద వాదోపవాదాలు నడిచాయి. ఇంటి గుట్టు వీధిలో పెట్టాడని కొందరు తిట్టారు. ఎవరో ఒకరు ఈ మాట అనాల్సిందేనని ఇంకొందరు మెచ్చుకున్నారు. యథార్థవాది లోకవిరోధి అన్న సామెత మనకు ఉండనే ఉంది.

ఆ మాట అనడానికి అతనికున్న అర్హత ఏమిటి? అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

జాకా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు. తల్లిదండ్రులది కొసావో. తండ్రి యువకుడిగా ఉన్నప్పుడు, 1980లలో, యుగోస్లావియా ప్రభుత్వానికి వ్యతిరేకంగా ప్రదర్శనల్లో పాల్గొన్నందుకు మూడేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. మనసులో మాట పైకి అంటే ఎంత మూల్యం పడుతుందో తెలిసిన ఇల్లు అది. ఇక 2019 అక్టోబర్ 27 సంగతి. అప్పుడు జాకా ఆర్సెనల్ కెప్టెన్. క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్ మధ్యలో అతన్ని బయటికి పిలిస్తే సొంత మైదానంలో సొంత అభిమానులే హేళనగా అరిచారు. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి ఇంకా అరవండన్నాడు, కెప్టెన్ పట్టీ వదిలేశాడు, చొక్కా విప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. భార్యనూ పసిబిడ్డనూ శపిస్తూ కొంతకాలంగా తనకు బెదిరింపులు వస్తున్నాయని తర్వాత చెప్పాడు. కెప్టెన్సీ పోయింది. క్లబ్ వదిలి వెళ్లిపోవడానికి సిద్ధపడ్డాడు. కొత్తగా వచ్చిన కోచ్ మికెల్ ఆర్టెటా కూర్చోబెట్టి మాట్లాడి ఆపాడు.

అంటే 2022లో ఆ మైకు ముందు నిలబడినవాడు వేలమంది ముందు కుప్పకూలి, అదే మైదానానికి తిరిగొచ్చి ఆడినవాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ రాత్రి ఓడిన జట్టులో అతనూ ఆడాడు. ఆ 2-0లో అతని వాటా ఉంది.

ఇప్పుడు మరో సీనియర్ గురించి చెప్పాలి. నా తరం వాళ్లకు ఇతను ఇంకా దగ్గరివాడు. పేరు రాయ్ కీన్. 1993లో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరి 1997 నుంచి ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాడు. 1999లో టురిన్‌లో యువెంటస్ మీద 2-0 వెనకబడ్డ స్థితి నుంచి జట్టును లేపిన తొలి గోల్ అతనిదే. అదే మ్యాచ్‌లో పసుపు కార్డు పడి తాను ఫైనల్‌కు దూరమవుతానని తెలిశాక కూడా చివరి నిమిషం దాకా జట్టు కోసం పరుగెత్తాడు. 2005 అక్టోబర్ 29న యునైటెడ్ మిడిల్స్‌బ్రో చేతిలో 4-1తో ఓడింది. కీన్ గాయంతో ఆ మ్యాచ్ ఆడలేదు. ఆ తర్వాత క్లబ్ సొంత టీవీ ఛానల్ కోసం ఆటను విశ్లేషిస్తూ సహచరులను పేరు పేరునా ఉతికి ఆరేశాడు. క్లబ్ ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేయకుండా ఆపేసింది. కానీ అందులోని మాటలు పత్రికలకు చేరాయి. నవంబర్ 18న కీన్ క్లబ్ వదిలి వెళ్లిపోయాడు. అక్కడ ఏం జరిగిందో కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ తన పుస్తకంలో ఒకలా రాశాడు, కీన్ తన పుస్తకంలో మరోలా రాశాడు. ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు.

ఆ రెండు తేదీల మధ్య ఒక మ్యాచ్ ఉంది. నవంబర్ 6న యునైటెడ్ 1-0తో చెల్సీని ఓడించింది. లీగ్‌లో 40 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని చెల్సీ అక్కడ ఆగింది. ఆ ఒక్క గోల్ తలతో కొట్టింది డారెన్ ఫ్లెచర్, 21 ఏళ్ల కుర్రాడు. కీన్ విమర్శించాడని పత్రికలు రాసిన పేర్లలో ఫ్లెచర్ పేరూ ఉంది.

కీన్ అన్నవి అబద్ధాలని నేను అనను. ఆట గురించి అతనికి తెలిసినంత తెలిసినవాళ్లు తక్కువ. జట్టు నాణ్యత పడిపోతోందన్న అతని బాధలో కల్తీ లేదు. కానీ అతను ఆ రోజు ఆడలేదు. అతని నోట 'మనం' అన్నా వినేవాళ్లకు 'మీరు' అనే వినిపిస్తుంది. పైగా పేర్లు చెప్పాడు. పేరు చెప్పగానే ఆ ఒక్కడు తనను కాపాడుకునే పనిలో పడతాడు, మిగతావాళ్లు తమ పేరు రానందుకు ఊపిరి పీల్చుకుంటారు, తప్పు గురించి ఆలోచించేవాడు మిగలడు. జాకా పేర్లు చెప్పలేదు. చేసిన పని గురించి చెప్పాడు. అర్హత లేదన్నప్పుడు తననూ కలుపుకునే అన్నాడు. కటువుగా మాట్లాడటంలో ఇద్దరూ సమానులే. తేడా వాళ్లు ఎక్కడ నిలబడి మాట్లాడారన్న దాంట్లో ఉంది.

జాకాతో నాకు పేచీ ఉన్న చోటూ ఒకటి ఉంది. దాన్ని దాటవేయలేను. భయంగా ఉన్నవాడు ఇంట్లో ఉండాలన్నాడు చూడండి, ఆ మాటను నేను ఒప్పుకోను. ఆ రాత్రి అదే జట్టులో బుకాయో సాకా ఆడాడు. అంతకు పది నెలల ముందు, 19 ఏళ్ల వయసులో, యూరో ఫైనల్‌లో ఇంగ్లండ్ తరఫున చివరి పెనాల్టీ కొట్టడానికి నడిచి వెళ్లినవాడు అతను. గోల్ కాలేదు. ఆ రాత్రే అతని ఒంటి రంగు మీద సోషల్ మీడియాలో బురద చల్లారు. ఆ నడకలో భయం లేదని ఎవరనగలరు? భయం ఉన్నా నడిచినవాడు అతను. భయపడ్డ వాళ్లందరినీ ఇంటికి పంపితే మైదానంలో ఎవరూ ఉండరు. మీలో రేపు మొదటి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు, మొదటిసారి రోగిని ఒంటరిగా చూసేవాళ్లకు, మొదటిసారి తరగతి ముందు నిలబడేవాళ్లకు చేతులు వణుకుతాయి. ఆ వణుకును తప్పుగా చూసే సీనియర్ ఎదురైతే అతని మాటల్లో పనికొచ్చేది తీసుకోండి, ఆ ఒక్కటి వదిలేయండి.

ఆ తర్వాత ఆ జట్టు ఏమైందో చెప్పాలి. చివరి రోజు ఎవర్టన్‌ను 5-1తో ఓడించింది. టోటెన్‌హామ్ కూడా గెలవడంతో ఆర్సెనల్ ఐదో స్థానంలోనే ఆగింది. మరుసటి సీజన్‌లో 84 పాయింట్లతో రెండో స్థానం వచ్చింది. సాకా లీగ్‌లో 14 గోల్స్ కొట్టాడు. మధ్య మైదానంలో నిలబడి ఆడే జాకా 7 కొట్టాడు. ఆ సీజన్ ఆఖరి మ్యాచ్‌లో, ఒకనాడు తనను హేళన చేసిన మైదానంలో, రెండు గోల్స్ చేసి అభిమానుల పాటల మధ్య సెలవు తీసుకున్నాడు. ఆ రాత్రి మాటల వల్లే ఇదంతా జరిగిందని నేను చెప్పడం లేదు. కోచింగ్ ఉంది, కొత్త ఆటగాళ్లు ఉన్నారు, కుర్రాళ్లకు ఒక ఏడాది అనుభవం పెరిగింది. నేను చెప్పేది ఒక్కటే, ఆ మాటలు ఆ జట్టును విడగొట్టలేదు. అన్నవాడూ, విన్నవాళ్లూ ఆ తర్వాత కూడా కలిసే ఆడారు.

ఓటమిని నిజాయితీగా చదవడం మనకు కొత్త కాదు. హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్‌కు కోచ్‌గా ఉన్న రోజులూ, వాటికి కాస్త ముందటి రోజులూ చూడండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్స్‌తో 2-1తో ఓడారు. వట్టి కాళ్ల ఆటను లోకం ముచ్చటగా చూసింది, మనమూ మురిసిపోయాం. నాలుగేళ్ల తర్వాత హెల్సింకిలో యుగోస్లావియా 10-1తో ఓడించింది. ఆ పది గోల్స్ తర్వాతే మన సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. ముందు వచ్చిన పొగడ్త చెప్పని నిజం ఆ స్కోరు చెప్పింది. 1956లో మెల్‌బోర్న్‌లో రహీం జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియాతో 2-0తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతూ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించాడు. ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఇక మీ సంగతి. మీరు చేరబోయే చోట్ల కూడా ఓటములు ఉంటాయి. ప్రాజెక్టు గడువు తప్పుతుంది, సాఫ్ట్‌వేర్ విడుదలైన రాత్రే కూలిపోతుంది, వంతెన డిజైన్‌లో లెక్క తప్పుతుంది. మర్నాడు మీటింగ్ పెడతారు. మన దగ్గర ఆ మీటింగ్ ఎలా ఉంటుందో చెబుతాను. పెద్దాయన ఉన్నంతసేపు అందరూ తల వంచుకుని ఉంటారు, లేదంటే పరిస్థితులు కలిసిరాలేదంటారు. పెద్దాయన వెళ్లాక క్యాంటీన్‌లో, టీ గ్లాసు చేతికి రాగానే, ఎవరి తప్పు ఏమిటో పూసగుచ్చినట్టు చెబుతారు. అక్కడ లేనివాడి పేరే అన్నిటికంటే ఎక్కువ వినిపిస్తుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తెలివి తక్కువై మనవాళ్లు వెనకబడటం నేను చూడలేదు. ఎదుటపడి చెప్పాల్సిన మాట చాటున చెప్పుకోవడం వల్ల మంచి జట్లు పాడవడం మాత్రం చూశాను.

పెద్దవాళ్ల ముందు నోరెత్తకపోవడాన్ని మనం మర్యాద అంటాం. మర్యాద ఉండాలి. 'సార్, ఈ పొరపాటులో నా భాగం ఇంత. మిగతాది ఎక్కడ జరిగిందో నాకు కనిపించింది చెబుతాను' అని మొదలుపెట్టి చూడండి. మర్యాదకు లోటు రాదు. కొన్నిచోట్ల దీనికీ శిక్ష పడుతుంది, అది దాచి మిమ్మల్ని పంపడం నాకు ఇష్టం లేదు. అలాంటి చోట ఎంతకాలం ఉండాలో మీరే నిర్ణయించుకోవాలి. ఇంటి బాధ్యతలు నెత్తిన ఉన్నవాడు మౌనంగా ఉంటే వాణ్ణి పిరికివాడని నేను అనను.

మొదటి కొన్నేళ్లు మీరు చెప్పేవాళ్లకంటే వినేవాళ్లుగానే ఎక్కువ ఉంటారు. ఓడిన రాత్రి ఎవరో సీనియర్ కటువుగా మాట్లాడతాడు. ఒళ్లు మండుతుంది. అప్పుడు రెండు విషయాలు చూడండి. ఆ ఓటమిలో అతనూ ఉన్నాడా? మర్నాడు ఉదయం మీ పక్కన కూర్చుని పని చేస్తున్నాడా? రెండింటికీ అవునని జవాబు వస్తే అతని దగ్గరికి వెళ్లి, తప్పు ఎక్కడ జరిగిందో చూపించమని అడగండి.

ఇక్కడ కూర్చున్న ఆచార్యులకు, రేపు ఈ పిల్లలను పనిలోకి తీసుకోబోయే పెద్దలకు ఒక విన్నపం. వాళ్లు మీ ముందు ఓటమి గురించి నోరు విప్పిన మొదటి రోజున దయచేసి చివరి దాకా వినండి. మధ్యలో ఆపకండి.