ప్రభుత్వమునకును రైతునకును నడుమ

సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరు కర్నూలు–కడప కాలువ చివర నిలిచిన రైతును శ్రోతలొకమారు తలచుకొందురు గాక. నీరు రాలేదు, పైరు ఎండుచున్నది. ఐదేండ్లకొకసారి వేయు ఓటు ఆనాటి తడికి అక్కరకు రాదు. ఒంటరి అర్జీకి రాజధాని బహుదూరము.

మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన ఈ కాలువను ప్రభుత్వము 1882లో కొనెను. రైతులే ఎన్నుకొను నీటి వినియోగదారుల సంఘములకు ఆంధ్రప్రదేశమున 1997లో చట్టము వచ్చెను. నీటి పంపకము, కాలువల మరమ్మతు వాటి పనులు. ఎగువవాడును దిగువవాడును ఒకచోట కూర్చుండి వాదించుకొనుటయే ప్రజాస్వామ్యమునకు నిత్యాభ్యాసము.

అయితే సంఘము ఎగువవారి సొత్తైనచో, ఎన్నికలు సకాలమున జరుగనిచో, అది రైతు పడిగాపులు పడవలసిన మరియొక గుమ్మము మాత్రమే. లెక్క అడుగుట సభ్యుని విధి. చివరి మడి తడిసిననాడే సంఘమున్నదనవచ్చును.