యువ చోదకులు – కారు బీమా



కొత్తగా లైసెన్సు పొందిన మన యువ ఉద్యోగులు కారు బీమాను భారమని తప్పించుకోరాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేదే. చోదకుని వయసును బట్టి మారదు, ఇంజను సామర్థ్యాన్ని బట్టి మారుతుంది. 2022లో 1000 సి.సి. మించని సొంత కారుకు 2,094 రూపాయలుగా, 1500 సి.సి. వరకు 3,416 రూపాయలుగా నిర్ణయించారు. కనుక చిన్న కారుతోనే పొదుపు మొదలవుతుంది.

సొంత వాహన నష్టానికి చేసే బీమాలో మాత్రం కంపెనీల రేట్లు వేరు. వాటిని పోల్చి చూడండి. షోరూం చూపిన పాలసీనే కొనవలసిన నిర్బంధం లేదు. క్లెయిము లేని ఏడాదికి ఈ భాగంలో 20 శాతం తగ్గింపు లభిస్తుంది.

థర్డ్ పార్టీ అంటే ఎవరు? తపాలా సంచితో సైకిలుపై వెళ్లే మన పోస్ట్‌మన్ కావచ్చు, డ్యూటీకి నడిచిపోయే గ్యాంగ్‌మన్ కావచ్చు. వారి కుటుంబాలకు రక్షణ ఆ పాలసీయే.