లూపస్ వ్యాధి: రక్తపరీక్ష చెప్పునది, చెప్పజాలనిది



రక్తపరీక్ష చేయించుకొనని ఇల్లు నేడు అరుదు. చక్కెర ఎంత ఉన్నదో, హిమోగ్లోబిన్ ఎంత తగ్గినదో అంకెలలో తెలియును; ఆ అంకెను బట్టి వైద్యుడు మందు వ్రాయును. అందుచేత పరీక్షశాల నుండి వచ్చిన ప్రతి కాగితమును తుది తీర్పుగా భావించు అలవాటు స్థిరపడినది. లూపస్ అను వ్యాధి విషయమున ఈ అలవాటు కుటుంబములను మిక్కిలి కలవరపెట్టుచున్నది. ఈ వ్యాధి ఉన్నదని అనుమానము కలిగినపుడు మొదట చేయు పరీక్షను ఏ.ఎన్.ఏ. అందురు. కాగితముపై 'పాజిటివ్' అను మాట కనబడగనే ఇంటిల్లిపాదియు దిగులుపడుదురు. పెండ్లి కావలసిన ఆడపిల్ల కాగితమైనచో ఆ దిగులునకు అంతుండదు. ఆ మాట నిజముగా ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో తెలిసికొనుట అవసరము.

శరీరమున ప్రవేశించిన సూక్ష్మజీవులను గుర్తించి పట్టుకొనుటకు రక్తములో కొన్ని మాంసకృత్తులు తయారగుచుండును. వీనిని యాంటీబాడీలనియు, తెలుగున ప్రతిరక్షకములనియు వ్యవహరింతురు. పొలమునకు కంచె ఎట్టిదో శరీరమునకు ఇవి అట్టివి. లూపస్ వ్యాధిలో కంచెయే చేను మేయును. ప్రతిరక్షకములు సొంత కణములపై, ముఖ్యముగా కణకేంద్రకములోని పదార్థములపై తిరుగబడును. తత్ఫలితముగా కీళ్ళనొప్పులు, విడువని జ్వరము, ముఖముపై ఎఱ్ఱని మచ్చలు, జుట్టు ఊడుట, నోటిపూత కలుగవచ్చును. మూత్రపిండములు చెడుట మిక్కిలి ప్రమాదకరము. పదిమంది రోగులలో సుమారు తొమ్మండుగురు స్త్రీలు; వారిలోను సంతానవయస్సులోని వారే అధికము. ఇది అంటువ్యాధి కాదు.

1948వ సంవత్సరమునకు పూర్వము ఈ వ్యాధిని గుర్తించుటకు దానికే ప్రత్యేకమైన రక్తపరీక్ష లేదు. ఆ సంవత్సరమున అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ అను వైద్యుడును, ఆయన సహచరులును రోగుల ఎముకమజ్జలో ఒక వింత కణమును వర్ణించిరి. అది మరియొక కణముయొక్క కేంద్రకమును మ్రింగిన తెల్లకణము. దానికి ఎల్.ఇ. కణమని పేరు వచ్చినది. పిమ్మట 1957లో ఫ్రియో అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రతిరక్షకములను వెలుగు రూపమున చూపు పద్ధతిని ప్రకటించెను. నేటి ఏ.ఎన్.ఏ. పరీక్ష ఆ మార్గముననే నడచుచున్నది.

ఆ పద్ధతి ఇట్టిది. పరీక్షశాలలో పెంచిన మానవకణములు అంటించిన గాజుపలకపై రోగి రక్తరసిని పలుచన చేసి వేయుదురు. కేంద్రకమును పట్టు ప్రతిరక్షకములు ఉన్నచో అవి అచ్చటనే అంటుకొనును. మిగిలినవి కడుగగా పోవును. తరువాత, ఆ ప్రతిరక్షకములను పట్టుకొని మెఱయునట్టి రంగు ద్రవమును వేసి, సూక్ష్మదర్శినిలో చూతురు. కేంద్రకములు ఆకుపచ్చగా మెఱసినచో పరీక్ష పాజిటివ్. రక్తరసిని ఎంతవఱకు పలుచన చేసినను మెఱపు నిలుచునో ఆ హద్దును టైటరు అందురు. 1:80 అనగా ఒక వంతు రక్తరసిని 80 వంతుల ద్రవముగా పలుచన చేసినను మెఱపు కనబడినదని అర్థము. రెండవ అంకె పెరిగినకొలది ప్రతిరక్షకముల బలము హెచ్చు.

అయితే ఈ మెఱపు రోగులలో మాత్రమే కనబడునా? 1997లో పలు దేశముల పరీక్షశాలలు కలసి ఆరోగ్యవంతుల రక్తమును పరిశీలించిన ఫలితములు వెలువడినవి. 1:40 వద్ద నూటికి సుమారు 32 మందికి, 1:80 వద్ద 13 మందికి, 1:160 వద్ద ఐదుగురికి పరీక్ష పాజిటివ్‌గా వచ్చినది. వారెవరును రోగులు కారు. థైరాయిడ్ వ్యాధులలోను, కొన్ని అంటురోగములలోను, వార్ధక్యములోను ఇట్లు రావచ్చును. క్షయకు వాడు ఐసోనియాజిడ్, రక్తపోటుకు వాడు హైడ్రలజీన్ వంటి మందుల వలన కూడ రావచ్చును. కాని లూపస్ రోగులలో దాదాపు అందఱికిని ఈ పరీక్ష పాజిటివ్‌గా ఉండును. కావున నెగెటివ్ వచ్చినచో లూపస్ కాదని చాలవఱకు ధైర్యపడవచ్చును. పాజిటివ్ వచ్చినంత మాత్రమున లూపస్ అని నిశ్చయింపరాదు.

కార్యాలయములలో ఫైలులోని ఒక్క కాగితమును చూచి ఎవరును ఉత్తర్వు వ్రాయరు. పూర్వపు కాగితములు, నియమములు, నోటు అన్నియు చూచిన పిమ్మటనే సంతకము పెట్టుదురు. ఏ.ఎన్.ఏ. కాగితమును కూడ అట్లే చదువవలెను. ఐరోపా, అమెరికా రుమటాలజీ సంఘములు 2019లో ప్రకటించిన వర్గీకరణ నిబంధనలలో 1:80 టైటరు ప్రవేశార్హత మాత్రమే. ఆ మీదట లక్షణములకును, ఇతర పరీక్షలకును మార్కులు వేసి, 10 వచ్చిననే లూపస్‌గా లెక్కింతురు. శరీరమున ఒక్క లక్షణమైనను లేనిచో రక్తపు మార్కులు ఎన్ని వచ్చినను చాలవు.

ఆ ఇతర పరీక్షలలో ముఖ్యమైనది డి.ఎన్.ఏ.పై తిరుగబడు ప్రతిరక్షకముల పరీక్ష. ఇవి రోగులలో సుమారు పదింట ఏడుగురికి ఏదో ఒక సమయమున కనబడును. వ్యాధి విజృంభించునపుడు తరచుగా పెరుగును. 1966లో టాన్, కుంకెల్ అను శాస్త్రజ్ఞులు ఎస్ఎం ప్రతిరక్షకమును వర్ణించిరి. ఇది కొద్దిమంది రోగులలోనే ఉండును, కాని ఉన్నచో ఇతర వ్యాధి అగుట అరుదు. రో అను మరియొక ప్రతిరక్షకము గర్భిణులకు ముఖ్యమైనది. అది మాయను దాటి శిశువును చేరి, నూటికి సుమారు ఇద్దఱు శిశువులలో గుండె లయను చెఱచును. ముందుగా తెలిసినచో వైద్యులు శిశువు గుండెను కనిపెట్టి చూతురు.

ఇంకొక చిక్కు కలదు. లూపస్ రోగులలో కొందఱికి సిఫిలిస్ కొరకు చేయు వి.డి.ఆర్.ఎల్. పరీక్ష, ఆ రోగము లేకున్నను, పాజిటివ్‌గా వచ్చును. ఈ సంగతి 1950 ప్రాంతముననే వైద్యులకు తెలిసినది. ధ్రువీకరణ పరీక్ష చేయింపక ఇల్లాలి శీలముపై నింద మోపుట ఎంత అన్యాయమో చెప్పనక్కఱలేదు.

2003లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ విషయమునకు మరియొక వైపు చూపినది. అమెరికా సైనికుల రక్తరసి భద్రపరచబడియుండెను. తరువాత లూపస్ వచ్చిన 130 మంది పాత రక్తరసిని పరీక్షింపగా, 115 మందిలో వ్యాధినిర్ణయమునకు పూర్వమే ఏదో ఒక ప్రతిరక్షకము ఉన్నట్లు తేలినది. కొందఱిలో తొమ్మిదేండ్లకు పైగా ముందే. దీనినిబట్టి పాజిటివ్ వచ్చిన ప్రతివారికిని రోగము వచ్చునని అనుకొనరాదు. లక్షణములు లేనివారు చికిత్స కొరకు పరుగెత్తనక్కఱలేదు. క్రొత్త లక్షణము కనబడినపుడు అశ్రద్ధ చేయకున్న చాలును.

వ్యాధి నిశ్చయమైనవారు ఏ.ఎన్.ఏ. పరీక్షను మాటిమాటికి చేయించుకొనుట వ్యర్థవ్యయము. తిరిగి తిరిగి చూడవలసినవి డి.ఎన్.ఏ. ప్రతిరక్షకములు, వ్యాధి ముదిరినపుడు తగ్గు సి3, సి4 మాంసకృత్తులు, వీనితోపాటు మూత్రపరీక్ష. మూత్రపిండములు నొప్పి లేకుండ చెడిపోవును. స్వల్పవ్యయముతో జరుగు మూత్రపరీక్ష ఆ సంగతి ముందుగా తెలుపును. బదిలీలు తప్పని ఉద్యోగుల కుటుంబములు ఒక జాగ్రత్త వహింపవలెను. ఒక ఊరి పరీక్షశాల పద్ధతి వేఱు, మరియొక ఊరిది వేఱు. రెండింటి అంకెలను పోల్చి పెరిగినది, తగ్గినది అని నిర్ణయింపరాదు. పాత కాగితములన్నియు తేదీల వరుసను కుట్టి, క్రొత్త వైద్యునికి చూపవలెను. అంకె బాగుగ ఉన్నదని హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి మందును సొంతముగ మానరాదు.

పాజిటివ్ అని వచ్చిన ఆడపిల్లను రోగిగా ముద్రవేసి కూర్చుండబెట్టుట తగదు. నిజముగ కీళ్ళనొప్పులతో, జ్వరముతో బాధపడు కోడలిని పని తప్పించుకొనుటకు సాకు చెప్పుచున్నదని నిందించుటయు తగదు. కాగితముకంటె ముందు మనిషిని చూడవలెను. తగిన కాలమున గుర్తించి, మందు విడువక వాడినచో లూపస్ రోగులలో పెక్కుమంది ఉద్యోగము చేయుచు, బిడ్డలను పెంచుచు జీవింపగలుగుచున్నారు.