వానను కొలిచాం, మన సత్తాను కొలిచామా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

2023 జూలై 26, 27 తేదీల మధ్య 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 29న మన భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడింది. 2020 ఆగస్టులోనూ వరంగల్‌లో కాలనీలకు కాలనీలే నీటిలో నిలిచాయి. వానకు మిల్లీమీటర్ల లెక్క ఉంది. ఆ వానను తట్టుకునే మన సత్తాకు ఏ లెక్క ఉంది?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. 1990 మేలో దాదాపు అంత తీవ్రమైన తుపానే కోస్తాను తాకింది. మృతులు వెయ్యిలోపే. హెచ్చరిక ముందే అందింది, లక్షల మందిని తరలించారు. ఆ తేడాలో పెద్ద వాటా దానిదే. సత్తా అంటే అదే.

దీన్ని కొలవడానికి పండితులు సూచీలు తయారుచేశారు. అమెరికాలో సుసాన్ కట్టర్ బృందం 2010లో ఆర్థిక స్థితి, వసతులు, సంస్థలు, ఇరుగుపొరుగు బంధాల వంటివి కలిపి ఒక సూచీ కట్టింది. 2015 సెండాయ్ ఒప్పందం కూడా ముప్పును అర్థం చేసుకోవడాన్నే మొదటి పనిగా పెట్టింది. జిల్లాకైతే ఇవి పనికొస్తాయి. మన గల్లీలో మూడంతస్తుల ఇల్లు, దాని పక్కనే రేకుల ఇంట్లో కిరాయికుండే ముసలమ్మ. రెండిటికీ సగటు తీస్తే ముసలమ్మ కనబడదు.

అందుకే ఇంటింటికీ వెళ్లి ఐదు ప్రశ్నలు అడుగుదాం. గోడ మీద వరద గుర్తు ఎంత ఎత్తున ఉంది? అర్ధరాత్రి హెచ్చరిక వస్తే ఫోన్ లేని ఇంటి తలుపు ఎవరు తడతారు? మంచాన పడ్డవారిని ఎవరు మోస్తారు, ఎక్కడికి? రేషన్ కార్డు, పట్టా కాగితాలు తడవని చోట ఉన్నాయా? నీళ్లు తీశాక పొయ్యి వెలగడానికి, పని మళ్లీ మొదలవడానికి ఎన్ని రోజులు పట్టింది?

చివరిదే అసలు కొలత. పక్కనే కొత్తవాడలో జంపఖానాలు నేసేవారి గుంట మగ్గంలోకి నీళ్లొస్తే, ఇల్లు ఆరినా కూలి మొదలవదు. నష్టపరిహారం జాబితాలో ఆ రోజులు ఉండవు.

ఇంకోటి చూడాలి. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి పడితే నీళ్లు కింది చెరువుకు చేరేవి. ఆ దారిలో ఇళ్లు లేస్తే నీళ్లు ఇళ్లలోంచే పోతాయి. కాబట్టి నాలా దారి కూడా మన పటంలో గీయాలి.

యాభై ఏళ్ల బ్యాచ్‌లు మనవి. ఒక్కో బ్యాచ్ ఒక్కో గల్లీని తీసుకుందాం. తొమ్మిదో తరగతి పిల్లలను వెంట పంపమని గురువులకు మనవి. మృగశిర కార్తె లోపు లెక్క తేల్చి కార్పొరేటర్ చేతిలో పెడదాం. ఏటా మళ్లీ కొలుద్దాం. అందరికంటే ఆఖరున తేరుకునే ఇంట్లో పొయ్యి ఒక్కరోజు ముందు వెలిగినా, కాశిబుగ్గ సత్తా అంత పెరిగినట్టే.

సెలవు.