పట్టాలు మారినచోట
(సాంస్కృతిక సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



రైల్వే కాలనీలో నివసించు మనకు పట్టాల కథతో ఆరంభించుట సులభము. నాగపూరునుండి రాజనందగావ్ వరకు తొలుత వేసిన దారి మీటరు గేజి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని తీసికొని, 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజిగా మార్చి, మన బిలాస్‌పూరు మీదుగా 1891 నాటికి ఆసన్‌సోలు చేర్చినది. బియ్యపు బస్తాకు గేజితో పనిలేదు. ఏ బండిలోనైనను ఎక్కింపవచ్చును. ఇంజను సంగతి అట్లు కాదు. మీటరు గేజి ఇంజను బ్రాడ్ గేజిపై అంగుళమైనను కదలజాలదు. కంప్యూటరునకు వెలుపల తగిలించు డిస్కు కథయు ఇట్టిదే.

మా యింట ఇంటెల్ ప్రాసెసరు గల పాత యాపిల్ కంప్యూటరు ఒకటి యుండెను. మా తండ్రిగారు శ్రీకాకుళమునుండి ఈ యూరికి ఉద్యోగమునకు వచ్చిన వృత్తాంతమును తమ నోటనే చెప్పగా, దానిలో భద్రపరచితిని. ఆ యంత్రమును నడపు సిస్టముతోసహా సమస్తమును ఒక వెలుపలి డిస్కునకు ఎక్కించి, ఇక భయము లేదనుకొంటిని. వారు గతించిన పిమ్మట పాత యంత్రమును ఆగిపోయినది. యాపిల్ వారి సొంత ప్రాసెసరు గల కొత్త యంత్రమునకు ఆ డిస్కు తగిలించి నడపబోగా నడువలేదు. ఆ రాత్రి మా యింట ఎవరును సరిగా భుజింపలేదు.

కారణము పిదప తెలిసినది. ప్రాసెసరునకు ఒక ఆజ్ఞాభాష కలదు. ఇంటెల్ భాషలో మాత్రమే వ్రాసిన సిస్టము కొత్త ప్రాసెసరునకు అర్థము కాదు. రోజెటా యను అనువాదకుడు కలడు గాని, అతడు సిస్టము లేచిన తరువాతనే ప్రోగ్రాములను అనువదించును, సిస్టమునే లేపజాలడు.

ఇట్టి మార్పు ఇది మొదటిది కాదు. 2006లో యాపిల్ వారు పవర్‌పీసీనుండి ఇంటెల్‌కు మారిరి. 2007 నాటి లెపర్డ్ సిస్టము రెండు భాషలును ఎరుగును. 2009 నాటి స్నో లెపర్డ్ ఇంటెల్‌ను మాత్రమే ఎరుగును. 2020లో సొంత ప్రాసెసరు వచ్చినపుడు బిగ్ సర్ మరల రెంటికిని పనిచేసినది. 2025 నాటి టాహో ఇంటెల్ యంత్రములకు కడపటిదని ప్రకటించిరి. రెండు భాషల కాలము స్వల్పమే సుమా!

మరియొక చిక్కు కలదు. కొత్త యంత్రము వెలుపలి డిస్కుతో నడచునపుడును, మొదటి అడుగు లోపలి నిల్వనుండియే వేయును. యజమాని అనుమతిని అచ్చటనే పరిశీలించును. కావున లోపలి నిల్వ పూర్తిగా చెడినచో, వెలుపలి డిస్కు ఎంత మంచిదైనను యంత్రము లేవదు. ఆపదకు దాచిన డిస్కు ఆ ఆపదకే అక్కరకు రాకపోవచ్చును.

మరునాడు మా అమ్మాయి, "నాన్నగారూ, దీనితో యంత్రమును నడపవలదు, ఊరక తెరచి చూడుడు" అనెను. కొత్త సిస్టమును యథాప్రకారము నడిపి, డిస్కును సరుకుపెట్టెవలె తెరచితిమి. ఫైళ్లన్నియు కనబడెను. తాతగారి కంఠము వినబడగానే ఇల్లంతయు నిశ్శబ్దమైనది.

కావున మీకు మూడు మనవులు. నడపు డిస్కు వేరు, దాచు డిస్కు వేరుగా నుంచుకొనుడు. నడపు డిస్కును ఏ యంత్రమునకు ఉద్దేశించితిరో దానిపైననే సిద్ధపరచి, అవసరము రాకమునుపే ఒకమారు నడిపి చూడుడు. అమూల్యమైనవానిని రెండు చోట్ల దాచి, ఏ యంత్రమైనను చదువగల సామాన్య రూపమున నుంచుడు.

మన పెద్దలు భాషను, పాటను, కథను మూటగట్టుకొని ఇంత దూరము వచ్చిరి. ఇంజన్లు మారుచునే యుండును. మూట మాత్రము మన పిల్లలకు చేరవలెను.