కలివి కోడి

కోడి యని పేరే గాని యిది కోడి జాతి పక్షి కాదు. తీతువునకు దూరపు చుట్టము. జానెడుకు కొంచెము మించిన పొడవు, సన్నని పొడుగు కాళ్లు, పెద్ద కన్నులు, కంటిపై తెల్లని చార, రొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు దాని గురుతులు. పగలెల్ల పొదనీడను కదలక యుండి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట చెదలను, చీమలను ఏరుకొని తినుటకు బయలుదేరును. ఎగురుట తక్కువ, పరుగెత్తుట యెక్కువ.

సైనిక వైద్యుడగు జెర్డన్ దీనిని కనుగొనగా 1848లో బ్లైత్ దానికి శాస్త్రనామము నొసంగెను. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున బ్లాన్‌ఫర్డు దీనిని భద్రాచలము దగ్గరను, సిరోంచ దగ్గరను చూచెను. సిరోంచ యనగా మన కాళేశ్వరమునకు గోదావరి ఆవలి గట్టే! కావున ఓరుగల్లు వారికి ఈ పక్షి మరీ పరాయిది కాదు. 1900లో అనంతపురము ప్రాంతమున క్యాంబెల్ చూచిన తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. అంతరించినదనియే పలువురు తలచిరి. కోలారు బంగారు గనుల ప్రాంతమున 1917లో సేకరించిన గ్రుడ్డొకటి స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో పడియున్నది; అది యీ పక్షిదేయని 2013లో గాని తేలలేదు.

బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పక్షి బొమ్మలను చేతబట్టి కడప జిల్లా పల్లెలలో విచారించిరి. కలివి పొదలలో తిరుగు కోడిని అక్కడివారెరుగుదురు. 1986 జనవరిలో రెడ్డిపల్లె చెంత స్థానికుడొకడు రాత్రివేళ దీపపు వెలుగున ఒక పక్షిని పట్టి తెచ్చెను. పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని గుర్తించెను. పాపము, ఆ పక్షి యెన్నాళ్లో బ్రదుకలేదు. తరువాత అచట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకమున కొంత పొదనేల ధ్వంసమైనది. పిమ్మట కాలువ దారి మార్చవలసి వచ్చెను.

దీనికి దట్టమగు అడవి పనికిరాదు, వట్టి మైదానమును పనికిరాదు. ముండ్లపొదలు, వాని నడుమ పరుగిడుటకు బోడినేల కావలెను. కావున కంచె వేసి మేకలను పూర్తిగా వెలివేసినచో పొదలు కమ్ముకొని పక్షికే చోటులేకపోవచ్చును. అట్టి నేలనే మనము బీడని వ్రాసికొందుము!

చూచుట దుర్లభము గనుక పరిశోధకులు మెత్తని మట్టిని పట్టీలుగా పరచి ఉదయమున అడుగుజాడలను వెదకిరి. సంజచీకటిలో దాని కూతను యంత్రముపై వినిపించి, మారుకూతకై చెవియొగ్గి నిలిచిరి. ఆ కూత రెండక్షరముల వంటిది. వెంటవెంట పలుమారులు వినవచ్చి, అంతలో ఆగిపోవును.